మా నాన్నకు నేను తప్పు చదివి వినిపించిన పేజీ

ఎల్డర్‌టన్ కౌంటీ కాంట్రాక్టుల అధికారి గారి సముఖమునకు,
కౌంటీ ఆసుపత్రిలో అరబ్బీ దుబాసీగా పనిచేయుచున్న అరీజ్ షహ్వాన్, వయసు ఇరవై ఏడు, వ్రాసుకొను అర్జీ.

విషయం: దుబాసీ కాంట్రాక్టు పదకొండో పేజీలోని హామీ లేకుండానే నన్ను పనిలో కొనసాగించుట గురించి, మరియు మా తండ్రిగారు రెండేళ్ళ క్రితం అదే హామీ కింద పెట్టిన సంతకం చెల్లనిదిగా ఎంచుట గురించి.

అయ్యా,

నా మొదటి ఫిర్యాదు తమ మీద కాదు, మా ఇంటివాళ్ళ మీద. దాన్ని తీర్చే అధికారం తమకు లేదని తెలుసు. అయినా అది చెప్పకుండా మిగతావి చెబితే తమకు అర్థం కావు గనుక ముందుగా విన్నవించుకుంటున్నాను.

1. తమ కార్యాలయం నుండి ఈ నెల మూడో తేదీన నాకు కొత్త కాంట్రాక్టు అందినది. ఇదివరకు నేను ఒక ఏజెన్సీ ద్వారా ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. ఇక మీదట దుబాసీలు నేరుగా కౌంటీతోనే ఒప్పందం చేసుకోవాలన్నారు, సంతోషించాను. పదకొండో పేజీ దగ్గర ఆగిపోయాను. "ఇజ్రాయెల్ దేశాన్ని నేను ప్రస్తుతం బహిష్కరించుట లేదు, ఈ ఒప్పందం ఉన్నంత కాలం బహిష్కరించను" అని దాని సారాంశం. కింద సంతకానికి ఒక గీత. నేను ఆ గీత మీద ఏమీ రాయలేదు. కాగితాలు వంటింటి బల్ల మీద పదహారు రోజులుగా అలాగే ఉన్నాయి.

మా అమ్మ సుహైలా దీన్ని అర్థం చేసుకున్న తీరు ఇది: "నీకు ఈ ఊరు మీద మనసు లేదు, అదీ అసలు సంగతి. చదువైన ఐదేళ్ళలో రెండు ఉద్యోగాలు వదిలేశావు. ఇప్పుడు వదలడానికి ఒక కాగితం సాకు దొరికింది."

"అమ్మా, ఆ కాగితంలో ఏముందో వింటావా?"

"వినక్కర్లేదు. మీ నాన్న పెట్టలేదా అలాంటి కాగితం మీద సంతకం? అంత చూసొచ్చిన మనిషి నవ్వుతూ పెట్టాడు. మూడేళ్ళ పిల్లగా ఇక్కడికొచ్చావు, ఏం చూశావని నీకింత పౌరుషం?"

మా నాన్న తౌఫీక్ షహ్వాన్ గారు అమ్మలా అరవరు. రాత్రి భోజనాల దగ్గర రొట్టె తుంచుతూ, నా వంక చూడకుండా ఒక్క మాట అడిగారు. "నేను పెట్టిన సంతకం నువ్వు పెడితే నీకు చిన్నతనమా, యాబా?"

యాబా అంటే నాన్న. మాలో తండ్రులు ప్రేమగా పిలిచేటప్పుడు బిడ్డను కూడా అదే పిలుపుతో పిలుస్తారు. తండ్రిని చిన్నచూపు చూసే, ఊళ్ళు తిరగాలనే పిచ్చి పట్టిన, చదువు తలకెక్కిన పిల్లనని మా ఇంట్లో తీర్మానమైపోయింది. అది నిజం కాదు. నిజమేమిటో చెబితే ఇంతకంటే హీనంగా ఉంటుంది. అందుకే ఇంట్లో చెప్పలేక ముందు తమకు రాస్తున్నాను.

2. దుబాసీగా నేను ప్రమాణం చేసి ఉన్నాను. ఒక మాట కలపను, ఒక మాట తీసేయను, ఒక మాట మార్చను అని. ఈ ప్రమాణానికి ఆసుపత్రిలో ఇంతవరకు భంగం కలగలేదు. డాక్టరు "ఇక మూడు నెలలు" అంటే నేను "మూడు నెలలు" అనే అన్నాను. రోగి డాక్టర్ని తిట్టినా తిట్టును తిట్టుగానే అప్పజెప్పాను. ఒకసారి ఒక పెద్దావిడ నన్నే తిట్టింది. అదీ అప్పజెప్పాను, డాక్టరు ఎవర్ని అని అడిగితే నన్నేనని చెప్పాను.

ప్రమాణం తప్పింది ఒక్క చోటే. మా నాన్న షెడ్డులో.

3. మా నాన్న సీట్లు కుడతారు. సోఫాలు, కుర్చీలు, కార్ల సీట్లు. స్కూలు వీధి చివర ఆయన షెడ్డు తమరు చూసే ఉంటారు. రెండేళ్ళ క్రితం ఆ షెడ్డు దాదాపు మూతపడింది. పాత సోఫాను కుట్టించుకునే ఓపిక ఇప్పుడెవరికీ లేదు. సహాయానికి ఉన్న ఇద్దరూ వేరే పని చూసుకున్నారు. అయినా ఆయన రోజూ ఏడింటికే వెళ్ళి, మిషను తుడిచి, నూనె వేసి, దాని ముందు కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేవారు. ఆ ఏడాది ఇంట్లో ఆయన గొంతు ఎప్పుడు విన్నానో గుర్తు లేదు.

అప్పుడు కౌంటీ వారు బడి బస్సుల సీట్లు కుట్టే పని ఆయనకిచ్చారు. ఆ వార్త తెలిసిన రోజు ఆయన టై కట్టుకుని భోజనానికి కూర్చున్నారు. అమ్మ నవ్వలేక చచ్చింది. "ఎవరొస్తున్నారయ్యా పెళ్ళి చూపులకి?" అంది. "నాలుగు వందల మంది పిల్లలు. నా సీట్ల మీద కూర్చోడానికి" అన్నారాయన.

4. ఆ కాంట్రాక్టు పట్టుకుని మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. ఆయనకు ఇంగ్లీషు మాట రెగ్జిన్ రంగు, కుట్టు, అంగుళాల వరకు వచ్చు. అక్షరం రాదు. పేజీ తర్వాత పేజీ చదివి అరబ్బీలో చెబుతూ పోయాను. చివరి పేజీ పైన వేరే శీర్షిక ఉంది, విడిగా సంతకం ఉంది.

"ఇదేంటి, దీనికి వేరే సంతకం?" అన్నారు.

అయ్యా, ఆ పేజీ నేను కళ్ళతో ఒకసారి చదువుకున్నాను. ఆయన ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో మూత తీసిన కలం. ఉన్నదున్నట్టు చదివితే ఆ కలానికి మూత పెడతారని నాకు తెలుసు. ఒక్క ప్రశ్న కూడా వేయరు. కలం జేబులో పెట్టుకుని వెళ్ళి మిషను తుడుస్తారు.

"ఎవరినీ కాదనననీ, జాతీ మతం చూసి ఎవరి పనీ తిప్పి పంపననీ మాటివ్వమంటున్నారు" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. "ఇది కూడా రాయించుకోవాలా! ఈ ఇరవై రెండేళ్ళలో ఎవర్ని తిప్పి పంపాను? ఆ యూదు డాక్టరమ్మ కుర్చీ మూడుసార్లు కుట్టలేదూ? ఇటివ్వు." నిదానంగా, అందంగా, అరబ్బీలో సంతకం చేశారు. "ఇలాంటి చట్టం ఉన్న దేశం మంచి దేశమే, యాబా" అన్నారు.

5. ఆయన ఏమి కొనరో, ఎందుకు కొనరో తమకు మనవి చేయవలసి ఉన్నది.

మాది పాలస్తీనాలోని నాబ్లుస్ కొండల్లో ఊరు. మా తాత మెట్లు మెట్లుగా వేసిన ఆలివ్ తోట ఇప్పుడు ఇజ్రాయెల్ వేసిన కంచెకు అవతల ఉంది. ఊళ్ళో ఉన్నంత కాలం, కంచె అవతలి వాళ్ళ సరుకు ఇష్టం లేకపోయినా కొనక తప్పేది కాదు. పాలు వాళ్ళవే, సిమెంటు వాళ్ళదే, కొన్నిసార్లు నీళ్ళూ వాళ్ళవే. అమెరికా వచ్చిన మొదటి రంజాను నెలలో నాన్న బజారులో ఖర్జూరం పెట్టె తీసి, తిరగేసి, ఎక్కడిదో అమ్మచేత అడిగించుకుని, ఇజ్రాయెల్‌దని తెలిశాక మళ్ళీ పసిపాపను పడుకోబెట్టినట్టు కొట్టు అరలో పెట్టి వచ్చారట. ఎవర్నీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అమ్మతో "ఇవాళ వద్దనుకున్నది కొనకుండా వచ్చాను" అన్నారట, ఏదో పండగ కబురు చెప్పినట్టు. ఈ దేశంలో ఆయన మొదట వాడుకున్న స్వేచ్ఛ అదే. ఇరవై నాలుగేళ్ళుగా వాడుకుంటున్నది కూడా దాదాపు అదొక్కటే.

మా మసీదు వంటింట్లో ఇప్పుడు సొమాలీ పిల్లలు, పాకిస్తానీ అత్తలు అందరూ పెట్టె విప్పే ముందు తిరగేసి చూస్తారు. ఆయన చెప్పి నేర్పింది కాదు, చూసి నేర్చుకున్నారు.

ఇటువంటి మనిషి చేత నేను "బహిష్కరించుట లేదు, బహిష్కరించను" అని రాయించాను.

6. అక్కడితో ఆగినా కొంత బాగుండేది. ఆయన ఆ పేజీ నకలు తీయించి, అద్దం కట్టించి, షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించారు. తలుపు తీయగానే ఎదురుగా కనిపిస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తారు. "చూశారా, నా దగ్గర అందరూ సమానమని కౌంటీవాళ్ళు రాయించుకున్నారు." ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు చదివి, ఆయన ముఖం చూసి, "బాగుంది" అని కుర్చీ సంగతిలోకి వెళ్ళిపోయేవారు. మనిషి ముఖం చూసి ఊరుకోవడంలో మా ఊరివాళ్ళు చాలా మర్యాదస్తులు.

ఊరుకోనిది ఒక్క అబూ ఫరజ్ గారు. నాన్నకు ఇక్కడున్న స్నేహితుడు ఆయన ఒక్కరే. మాలో పెద్దవాళ్ళను పెద్దకొడుకు పేరు పెట్టి అబూ ఫలానా, అంటే ఫలానావాడి తండ్రి అంటారు. నాన్నకు కొడుకు లేడు. కొడుకు పుట్టేదాకా ఆగమని అందరూ అంటే "ఆగను" అని అబూ అరీజ్ అని పిలిపించుకున్నారు. అలా మొదట పిలిచింది అబూ ఫరజ్ గారే. రోజూ మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు అవగానే తన కాఫీ పాత్ర తనే పట్టుకుని షెడ్డుకు వచ్చేవారు. ఇద్దరూ రెగ్జిన్ చుట్టల మీద కూర్చుని చేదు కాఫీ తాగేవారు.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. నాన్న కాఫీ పోసి గిన్నె అందించారు. అబూ ఫరజ్ గారు గోడ వంక చూశారు. చాలాసేపు చదివారు. ఆయన ఇక్కడ పదేళ్ళు మందుల దుకాణంలో లెక్కలు రాసిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. గిన్నె తాగకుండా కింద పెట్టారు.

మాలో అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే మనసులో ఏదో కోరిక ఉందని. అదేమిటని ఇంటివాడు అడగాలి. "తాగు, నీ కోరిక తీరినట్టే" అనాలి. పెళ్ళి సంబంధాలు, ప్రాణాలు తీసిన పగలు ఆ గిన్నె దగ్గరే తేలేవట మా తాతల కాలంలో.

నాన్న నవ్వుతూ అన్నారు. "ఏంటి అబూ ఫరజ్, ఈ వయసులో పిల్లనడుగుతావా? తాగు, తీరినట్టే."

"ఆ కాగితం తీసెయ్."

"ఏ కాగితం? అదా? అదెందుకు?"

"ఎందుకో నన్నడుగుతావా? దుబాసీని కన్నావు, ఎందుకో నీకు తెలీదా?"

నాన్నకు కోపమొచ్చింది. "తెలుసు. బాగా తెలుసు కాబట్టే తగిలించాను. నాకో మంచి మాట రాసిచ్చారని నీకు కడుపుమంటేమిటి? ఇంకేదన్నా అడుగు, అది తప్ప."

నేను రెగ్జిన్ చుట్టల వెనకాల నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం చాలు. నాకు రెండు భాషల్లోనూ వచ్చు ఆ వాక్యం.

అబూ ఫరజ్ గారు గిన్నె అలాగే వదిలేసి లేచారు. పాత్ర కూడా మర్చిపోయి వెళ్ళారు. తెలిసీ చేశాడని ఆయనా, ఈర్ష్య అని ఈయనా. రెండేళ్ళు అవుతోంది, ఇద్దరూ మాట్లాడుకోలేదు. సాయంత్రాలు నాన్న ఒక్కరే రెగ్జిన్ చుట్ట మీద కూర్చుంటున్నారు.

7. పైన పేర్కొన్న యూదు డాక్టరమ్మ గారి పేరు మిరియం లెవిట్. కిందటి నెల ఆమె తన తల్లిగారి కుర్చీ నాలుగోసారి తెచ్చారు. నాన్న రంగులు తేవడానికి లోపలికి వెళ్ళగానే గోడ వైపు గడ్డంతో చూపించి అడిగారు.

"మీ నాన్నకు అదేమిటో తెలుసా?"

"తెలుసు" అన్నాను. అలవాటైపోయింది.

ఆమె నా ముఖం చూసి ఇంకేమీ రెట్టించలేదు. కుర్చీ చేతి మీద చెయ్యి వేసి అన్నారు. "నేను ఇజ్రాయెల్ ఖర్జూరాలే కొంటాను, తెలుసా? మా చెల్లెలు అక్కడే ఉంటుంది. కొనను అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మీ నాన్నను ఈ కుర్చీలో కూర్చోబెట్టి గంటసేపు దెబ్బలాడగలను. ఆయనా నాతో దెబ్బలాడాలి. అది మా ఇద్దరి మధ్య. కౌంటీ వచ్చి ఆయన నోటికి ముందే గుడ్డ కుక్కి, ఇక మాట్లాడుకోండి అంటే నేనెవరితో దెబ్బలాడను? ఇదంతా నాలాంటివాళ్ళ కోసమట. నన్నొక్కరూ అడగలేదు."

నాన్న రంగుల పుస్తకంతో వచ్చారు. ఆమె ముదురాకుపచ్చ ఎంచుకున్నారు.

8. ఈ నెల పదకొండున తమ కార్యాలయానికి ఫోను చేశాను. మాట్లాడిన గుమాస్తా గారి పేరు రాయను, ఆమె మంచిగానే మాట్లాడారు. సంభాషణ తమ అవలోకనార్థం:

"అందరూ పెడుతున్నారమ్మా. అది వట్టి ఒక్క పేజీ."

"వట్టి పేజీ అయితే తీసేయండి."

"తీసేస్తే కుదరదు."

"అయితే వట్టిది కాదుగా?"

"నువ్వు బజార్లో ఎక్కడి ఖర్జూరాలు కొంటావో మేమేమన్నా ఇంటికొచ్చి చూస్తామా, తల్లీ?"

"చూడనప్పుడు ఎందుకు రాయించుకుంటున్నారు?"

ఆమె "నీకు ఖర్జూరాలంటే అంత ఇష్టమా?" అన్నారు.

అయ్యా, నాకు ఖర్జూరాలు పడవు. పళ్ళకు అంటుకుంటాయి. నేను ఏ దేశం సరుకు కొన్నానో నెలాఖరుకు అడిగితే చెప్పలేను. నా విషయంలో ఆ పేజీ ఇంచుమించు నిజమే. సంతకం పెట్టినా ఎవరికీ పట్టుబడను. రేపు నేను ఏమి కొనాలి, ఏమి మానాలి, మానితే ఎందుకని పైకి చెప్పాలి అన్నది రోగి మాటను డాక్టరుకు చేరవేసే పనికి షరతు ఎలా అయింది? నేను అడిగేది ఇదే. ఈ కౌంటీ బడిలోనే ఏడో తరగతిలో నాకు పాఠం చెప్పారు. ఒక ఊళ్ళో నల్లజాతివాళ్ళు బస్సులెక్కడం మానేసి ఏడాది పైన కాలినడకన పనులకు వెళ్ళారని, అది ఈ దేశం గర్వించే సంగతని. దాని మీద వ్యాసం రాస్తే ఈ కౌంటీవారే నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. అదింకా మా ఇంట్లో ఉంది. బస్సు మాని నడవను అని ముందుగా రాసిచ్చినవాళ్ళకే పని ఇస్తామని అప్పుడు ఎవరన్నా అని ఉంటే, తమరు నాకు ఏ పాఠం చెప్పేవారు?

9. కిందటి శుక్రవారం అబూ ఫరజ్ గారి అన్నగారు పోయారని తెలిసి నాన్న పరామర్శకు వెళ్ళారు. చావు దగ్గర పంతాలు చూసుకోరు మాలో. అబూ ఫరజ్ గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "ఇంత మంచివాడివి, ఆ రాత మీద ఎలా సంతకం పెట్టావు తౌఫీక్?" అని ఏడ్చారట. అబూ అరీజ్ అనలేదు. పేరు పెట్టి పిలిచారు.

నాన్న ఇంటికి రాలేదు. నేరుగా షెడ్డుకి వెళ్ళి, అద్దం దించి, చంకలో పెట్టుకుని వచ్చారు. వంటింటి బల్ల మీద, నా కాంట్రాక్టు పక్కనే పెట్టారు.

"ఇది మళ్ళీ చదువు. ఆసుపత్రిలో రోగులకు ఎలా చెబుతావో అలా. మాటకు మాట."

ఆయన అలా అడగడం నాకు దొరికిన అదృష్టం. అదే నేరుగా ఎదురొచ్చి తలుపు తట్టింది. నేను అద్దం మీద దుమ్ము తుడిచాను. గొంతు సవరించుకున్నాను. "ఎవరినీ కాదనననీ, జాతీ మతం చూసి ఎవరి పనీ..." అని మొదటిసారి చెప్పినదే, ఒక్క మాట తేడా రాకుండా చెప్పాను.

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. "నేనూ అదే అనుకున్నాను. అన్న పోయిన దుఃఖంలో పాపం మతి చెదిరింది వాడికి. లేకపోతే వాడికి ఇంగ్లీషు మనమనుకున్నంత రాదేమో." అద్దం తీసుకెళ్ళి మళ్ళీ మేకుకు తగిలించారు.

ఆ రాత్రే నన్ను అడిగారు, తన సంతకం నాకు చిన్నతనమా అని.

10. కావున తమతో మనవి చేయునదేమనగా:

(అ) మా తండ్రిగారి సంతకం దుబాసీ చేసిన మోసం వలన వచ్చినది. సంతకం ఆయనది, అబద్ధం నాది. ఆ పేజీని ఆయన కాగితాల నుండి తొలగించవలెను. ఆయన కుట్టిన సీట్లలో లోపం లేదు. ఆయన పని ఆయనకు ఉంచవలెను.

(ఆ) పదకొండో పేజీ లేకుండా నా కాంట్రాక్టును ఆమోదించవలెను. డయాలిసిస్ వార్డులో మంగళ, శుక్రవారాలు నా కోసం ఎదురుచూసేవారు ఆరుగురు. వాళ్ళలో ఎవరూ నేను ఏమి కొంటానని ఎప్పుడూ అడగలేదు.

(ఇ) పై రెండూ తమ చేతిలో లేవని, చట్టం పైనుంచి వచ్చిందని తమరు సెలవిస్తారని ఊహించగలను. అలాగైతే ఈ అర్జీని పైకి పంపవలెను. ఒక కాగితం మంచి మనుషుల చేత ఇంట్లో అబద్ధాలు ఆడిస్తుందని చట్టం రాసినవాళ్ళకు తెలియవలసి ఉన్నది. ముందు నన్ను మంచి మనుషుల్లో లెక్కవేయనక్కరలేదు.

రేపు ఉదయం షెడ్డుకు వెళ్ళి ఆ పేజీని మా తండ్రిగారికి మాటకు మాట చదివి వినిపించబోతున్నాను. ఆ తరువాతే ఇది తపాలాలో వేస్తాను. మళ్ళీ తప్పించుకోకుండా ఉండడానికి తమకు ముందుగా రాసిపెట్టుకుంటున్నాను.

ఇంతవరకు చదివిన ఓపికతోనే మిగతాదీ చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

ఆసుపత్రిలో తమకు విధేయురాలు, ఇంట్లో ఎవరికీ కానిది,
అరీజ్ తౌఫీక్ షహ్వాన్

తా.క. చదివాను.

ఆయన బస్సు సీటు ఒకటి మిషను కింద పెట్టుకుని ఉన్నారు. అద్దం దించి, నిలబడే చదివాను. ఒక మాట కలపలేదు, ఒక మాట తీయలేదు. ఆయన మిషను మీద నుంచి కాలు తీశారు, అంతే.

"అబూ ఫరజ్‌కి తెలుసు ఇది."

"తెలుసు యాబా."

"డాక్టరమ్మకి?"

"తెలుసు."

"మసీదులో వాళ్ళకి?"

"ఇంగ్లీషు వచ్చినవాళ్ళందరికీ."

"మీ అమ్మకి?"

"తెలీదు."

"అయితే ఈ ఊళ్ళో తెలీనివాళ్ళం మేమిద్దరమే" అన్నారు.

ఎందుకు చేశావని అడుగుతారని సమాధానం సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆ ఏడాది ఆయన మౌనం గురించి, టై గురించి చెప్పాలనుకున్నాను. అడగలేదు. మిషను మళ్ళీ నడిపారు. "సోమవారం పిల్లలు కూర్చోవాలి" అని ఆ కుట్టు చివరికంటా కుట్టి, దారం తెంపి, సీటు అరచేత్తో నిమిరి పక్కన పెట్టారు. అప్పుడు అద్దం వెనక మేకులు ఊడదీసి కాగితం బయటికి లాగి, మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"సోమవారం ఆ ఆఫీసుకి వెళ్తాను."

"నేనూ వస్తాను. మీరు చెప్పింది చెప్పినట్టు..."

"నువ్వొద్దు. వాళ్ళ దగ్గర ఇంకెవరన్నా ఉంటారేమో కనుక్కో."

కనుకనే ఈ తా.క. మా తండ్రిగారు సోమవారం ఉదయం పది గంటలకు తమ కార్యాలయానికి వస్తారు. ఏమి చెబుతారో నాకు తెలియదు. పైన (అ) లో ఆయన తరఫున నేను కోరినదాన్ని కొట్టివేసుకోండి, ఆయన కోరిక ఆయనే చెప్పుకుంటారు. ఆయన కోసం వేరే అరబ్బీ దుబాసీని పిలిపించండి. ఆయన మాట నెమ్మదిగా ఉంటుంది, మధ్యలో అందుకోవద్దని ఆ దుబాసీకి చెప్పండి.

నా కాంట్రాక్టు ఇందుతో జతపరచి తిప్పి పంపుతున్నాను. పదకొండో పేజీ ఖాళీగా ఉంది. నేను సంతకం పెట్టను.